కనీస వేతనం పెంచితే పనులు పోతాయా?

కనీస వేతనాన్ని పెంచాలన్న మాట వచ్చిన ప్రతిసారీ రెండు వాదనలు ఎదురెదురుగా నిలబడతాయి. కూలి పెరిగితే యజమానులు మనుషుల్ని తగ్గించుకుంటారని, ఎవరికి మేలు చేద్దామనుకున్నామో చివరికి వాళ్లే పని లేక కూర్చుంటారని ఒక పక్షం అంటుంది. పేదవాడి చేతిలో పడిన రూపాయి ఆ సాయంత్రానికే కిరాణా కొట్టుకు చేరుతుందని, కాబట్టి పెంపు వల్ల వ్యాపారమూ పెరుగుతుందని రెండో పక్షం అంటుంది. రెండూ కొట్టిపారేయదగ్గవి కావు. అయితే ఏ వాదన ఎక్కడ, ఏ మేరకు నిజమవుతుందన్నది కూలి ఎంత పెరిగిందన్న అంకె ఒక్కదాని మీద ఆధారపడదు. ఆ పనిలో కూలి రేటును నిర్ణయించే శక్తి ఎవరి చేతిలో ఉందో, పెరిగిన భారాన్ని యజమాని ఎవరి మీదికి నెట్టగలడో, అసలు ఆ అంకె కాగితం దాటి కూలీ చేతికి చేరుతోందో లేదో తెలిస్తే తప్ప ఆ సంగతి తేలదు. మన దేశంలో చర్చ చాలావరకు మొదటి రెండు వాదనల మధ్యే ఊగిసలాడుతుంది. చివరి ప్రశ్న దాకా రావడం అరుదు.

ఆర్థికశాస్త్ర పాఠ్యపుస్తకాలు మొదట చెప్పేది పనులు పోతాయన్న వాదననే. శ్రమ కూడా ఒక సరుకే కాబట్టి ధర పెరిగితే కొనేవాళ్లు తగ్గుతారు. ఈ తర్కం వెనుక ఒక ఊహ ఉంది. యజమానులూ కూలీలూ లెక్కలేనంత మంది ఉన్నారని, ఎవరూ ఒంటరిగా రేటును శాసించలేరని, ఇక్కడ గిట్టకపోతే కూలీ పక్క వీధికి వెళ్లి అంతే కూలికి పని చూసుకోగలడని ఆ ఊహ. పని ఇచ్చేవాళ్లు కొద్దిమందే ఉన్నచోట ఇది చెల్లదని బ్రిటిష్ ఆర్థికవేత్త జోన్ రాబిన్సన్ 1933లోనే చూపించారు. అయినా చాలాకాలం దాన్ని అరుదైన మినహాయింపుగానే పరిగణించారు.

ఆ పరిస్థితిని మార్చింది న్యూజెర్సీ. ఇప్పుడు తెలుగువాళ్లు వేలల్లో స్థిరపడిన ఆ అమెరికా రాష్ట్రం, 1992 ఏప్రిల్ 1న గంటకు 4.25 డాలర్లుగా ఉన్న కనీస వేతనాన్ని 5.05 డాలర్లకు పెంచింది. సరిహద్దు అవతల పెన్సిల్వేనియాలో పాత రేటే కొనసాగింది. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు రెండు వైపులా కలిపి 410 ఫాస్ట్‌ఫుడ్ దుకాణాల్లో పెంపుకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి ఎంతమంది పనిచేస్తున్నారో సేకరించారు. పూర్తికాలపు పనివాళ్ల లెక్కలోకి మార్చి చూస్తే న్యూజెర్సీలో ఒక్కో దుకాణానికి సగటున 20.4గా ఉన్న సంఖ్య 21.0 అయింది. పెంపు లేని పెన్సిల్వేనియాలో అది 23.3 నుంచి 21.2కు పడింది. తగ్గాల్సిన చోట తగ్గలేదు. న్యూజెర్సీలో భోజనం ధరలు మాత్రం కొంత పెరిగాయి.

1994లో ఈ ఫలితం అచ్చయినప్పుడు వచ్చిన విమర్శ చిన్నది కాదు. సర్వేలో చెప్పిన సంఖ్యలను నమ్మలేమని, జీతాల చిట్టాలను తీసి చూస్తే ఉద్యోగాలు తగ్గినట్టే కనిపిస్తోందని డేవిడ్ న్యూమార్క్, విలియం వాషర్ అన్నారు. కార్డ్, క్రూగర్ 2000లో ప్రభుత్వ గణాంకాలతో మళ్లీ లెక్కగట్టి, చెప్పుకోదగ్గ నష్టం లేదని బదులిచ్చారు. 2021లో కార్డ్‌కు నోబెల్ వచ్చింది. క్రూగర్ అప్పటికి రెండేళ్ల కిందటే మరణించారు. 1979 నుంచి 2016 వరకు అమెరికా రాష్ట్రాలు చేసిన 138 పెంపులను కలిపి పరిశీలించిన 2019 నాటి అధ్యయనం కూడా, కొత్త రేటుకు దిగువన మాయమైన ఉద్యోగాలు దాదాపు అదే సంఖ్యలో ఆ రేటు దగ్గర, దానికి కాస్త ఎగువన తిరిగి కనిపించాయని తేల్చింది.

దీన్నిబట్టి ఎంత పెంచినా ఫరవాలేదని అనుకుంటే పొరపాటే. సియాటిల్ నగరం కనీస వేతనాన్ని 13 డాలర్లకు తీసుకెళ్లినప్పుడు తక్కువ జీతపు ఉద్యోగాల్లో పని గంటలు సుమారు 9 శాతం తగ్గాయని, గంట వేతనం పెరిగింది మాత్రం 3 శాతమేనని వాషింగ్టన్ విశ్వవిద్యాలయ బృందం 2017లో చెప్పింది. అమెరికా అంతటా 15 డాలర్లు చేస్తే 9 లక్షల మంది పేదరికం నుంచి బయటపడతారని, 14 లక్షల ఉద్యోగాలు తగ్గుతాయని ఆ దేశపు కాంగ్రెస్ బడ్జెట్ కార్యాలయం 2021లో అంచనా వేసింది. ఒకే నివేదికలోని ఈ రెండు అంకెల్లో ఎవరికి కావలసినదాన్ని వాళ్లు ఎత్తి చూపించుకున్నారు.

పెంపు వల్ల ఉద్యోగాలు తగ్గకపోగా పెరగడం ఎలా సాధ్యమో చిన్న లెక్కతో చూడవచ్చు. ఒక ఊళ్లో ఒకే పెద్ద రైతు రోజుకు 300 రూపాయల చొప్పున పదిమంది కూలీలను పెట్టుకున్నాడనుకుందాం. పదకొండో మనిషి 320 ఇస్తే గానీ రానంటాడు. ఒకరికి 320 ఇచ్చి మిగతావాళ్లకు 300 ఇస్తే మర్నాడు పొలంలోకి ఎవరూ దిగరు కాబట్టి అందరికీ 320 ఇవ్వాలి. అప్పటిదాకా రోజుకు 3,000 అవుతున్న ఖర్చు 3,520 అవుతుంది, అంటే పదకొండో మనిషి వల్ల రైతు మీద నిజంగా పడేది 520 రూపాయలు. అతని పనివల్ల 400 విలువ వస్తున్నా రైతు అతన్ని పిలవడు. ఇప్పుడు చట్టం 320ని కనీస కూలిగా నిర్ణయించిందనుకుంటే పదిమందికీ ఎలాగూ 320 ఇవ్వక తప్పదు. పదకొండో మనిషికి అదనంగా అయ్యేది 320 మాత్రమే, వచ్చేది 400. కూలీ పెరిగింది, పనీ పెరిగింది. అదే చట్టం 450 అంటే మాత్రం పదకొండో మనిషి రాడు సరికదా, ఉన్న పదిమందిలోనూ కొందరు ఇంటికి వెళ్తారు. తేడా అంతా రైతు చేతిలో ఉన్న బేరశక్తి ఎంత, పెంపు ఎంత అన్న రెండింటి పొంతనలో ఉంది.

ఇది కాగితం మీది లెక్కేనని కొట్టివేయకుండా చేసే ఆధారం ఒకటి మన దగ్గరే దొరికింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ కూలిని, పింఛన్లను బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా చెల్లించడం మొదలుపెట్టినప్పుడు, ఆదిలాబాద్, అనంతపురం, కడప, ఖమ్మం, కర్నూలు, నల్గొండ, నెల్లూరు, విజయనగరం జిల్లాల్లో ఏ మండలానికి ముందు ఇవ్వాలి, దేనికి తర్వాత ఇవ్వాలి అన్నది లాటరీ పద్ధతిలో తేల్చారు. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్‌తంకర్ ఈ రెండు రకాల మండలాలను పోల్చి చూశారు. కార్డు వచ్చిన మండలాల్లో కూలి డబ్బు త్వరగా, నికరంగా చేరింది, మధ్యలో మింగేవాళ్ల వాటా తగ్గింది. ఉపాధి హామీ రేటులో తేడా ఏమీ లేదు, మారింది చెల్లింపు తీరు. అయినా లబ్ధిదారుల కుటుంబాల ఆదాయం 14 శాతం పెరిగింది, పేదరికం 26 శాతం తగ్గింది.

ఆశ్చర్యం ఆ ఆదాయం ఎక్కడినుంచి వచ్చిందన్న దగ్గర ఉంది. పెరిగిన ఆదాయంలో 86 శాతం ఉపాధి హామీ పనుల నుంచి కాక బయటి పనుల నుంచే వచ్చింది. వెళ్లడానికి నమ్మకమైన ఇంకో పని ఉందన్న ధీమా కలగగానే కూలీలు తక్కువ రేటుకు రామన్నారు. ప్రైవేటు పనుల్లో కూలి పెరిగింది, పని దినాలూ పెరిగాయి. భూమి కొద్దిమంది చేతుల్లో పోగుపడిన ఊళ్లలో ఈ ఉపాధి పెరుగుదల మరింత ఎక్కువగా కనిపించింది. పై లెక్కలోని ఒక్క పెద్ద రైతు ఊరు ఎలా ఉంటుందో అదే ఇది. వ్యవసాయేతర చిన్న వ్యాపారాలూ ఆ మండలాల్లో పెరిగాయి. పేదవాడి రూపాయి కొట్టుకు చేరుతుందన్న రెండో పక్షం మాటకు ఇంతకన్నా గట్టి సాక్ష్యం మన ప్రాంతం నుంచి ఇంకొకటి నాకు తెలిసి లేదు. ఇది నేరుగా కనీస వేతన చట్టం మీద జరిగిన పరిశోధన కాదన్నది నిజమే. కానీ చట్టం చేయాలనుకునే పనినే, అంటే కూలి ఒక స్థాయికి దిగువకు జారకుండా అడ్డుకోవడాన్నే, ఈ పథకం ఇంకో దారిలో చేసింది.

అయితే ఆ అధ్యయనం మరో సంగతి కూడా నమోదు చేసింది. భూమి మీద వచ్చే రాబడి తగ్గింది. కూలి పెరుగుదలకు అయిన ఖర్చును ఎవరో ఒకరు భరించారన్న మాట. ఉపాధి హామీ వల్ల వరినాట్లకు మనుషులు దొరకడం లేదని, దొరికినా రేటు మోయలేకపోతున్నామని రైతులు పదిహేనేళ్లుగా మొరపెట్టుకుంటున్నది కట్టుకథ కాదు.

భారం ఎవరి మీద పడుతుందన్నదానికి హంగరీ అనుభవం పనికొస్తుంది. ఆ దేశం 2001లో కనీస వేతనాన్ని ఒక్కసారిగా భారీగా పెంచింది. పెరిగిన ఖర్చులో దాదాపు నాలుగింట మూడు వంతులు ధరల రూపంలో కొనుగోలుదారులే మోశారని, మిగిలిన వంతు యజమానుల లాభంలోంచి వెళ్లిందని తర్వాతి పరిశోధన తేల్చింది. పోయిన ఉద్యోగాలు కొద్దివే, కానీ అవి ధర పెంచుకునే వీలులేని రంగాల్లో ఎక్కువగా పోయాయి. హోటల్ యజమాని ప్లేటు ఇడ్లీకి ఐదు రూపాయలు పెంచగలడు. పత్తి రైతు క్వింటాలు ధరను పెంచలేడు. మద్దతు ధర ఢిల్లీలో, మార్కెట్ ధర అంతర్జాతీయ విపణిలో నిర్ణయమవుతాయి. అందులోనూ కౌలు రైతు పరిస్థితి మరీ ఇరుకు, కౌలు ముందే ఖరారైపోయి ఉంటుంది కాబట్టి కూలి పెరిగితే తన కష్టార్జితంలోంచే ఇచ్చుకోవాలి. కోత యంత్రాలు ఊళ్లోకి రావడం, నాట్లు మాని వడ్లు వెదజల్లడం, నాట్ల కాలంలో బెంగాల్, బీహార్ ముఠాలను గుత్తకు పిలిపించుకోవడం ఈ ఒత్తిడికి రైతులు వెతుక్కున్న దారులు. కాబట్టి వ్యవసాయ కూలి పెంపును సమర్థించేవాళ్లు కౌలు రైతు సంగతి తర్వాత చూద్దామంటే కుదరదు. అలాగని కౌలు రైతును ముందు నిలబెట్టి, ధర పెంచుకోగలిగిన కాంట్రాక్టరూ కార్పొరేట్ ఆసుపత్రీ తప్పించుకోవడమూ న్యాయం కాదు. కనీస వేతన సవరణ సమయాల్లో ఈ రెండో పని తరచుగా జరుగుతుంటుంది.

యజమానికి ఇంకో దారి కూడా ఉంది, మూట సర్దుకుని సరిహద్దు దాటడం. బీడీ పరిశ్రమ దీనికి పాత ఉదాహరణ. బీడీ, సిగార్ కార్మికుల పని పరిస్థితులపై పార్లమెంటు 1966లో చేసిన చట్టాన్ని కేరళ ముందుగా అమలుచేయబోతే, మంగళూరుకు చెందిన ఒక పెద్ద సంస్థ 1968లో కన్నూరు ప్రాంతంలో తన పనిని నిలిపివేసింది. సుమారు 12,000 మంది రోడ్డున పడ్డారు. కేరళ ప్రభుత్వం వాళ్లతోనే 1969లో దినేశ్ బీడీ సహకార సంఘాన్ని పెట్టించింది, అది మెరుగైన కూలి ఇస్తూనే దశాబ్దాలపాటు నిలబడింది. కానీ ప్రతి రాష్ట్రమూ ప్రతి పరిశ్రమకూ ఇలా సహకార సంఘం పెట్టలేదు. కూలి రేటు రాష్ట్రానికో రకంగా ఉన్నంతకాలం ముడిసరుకును లారీలో ఎక్కించుకుపోగల యజమానిదే పైచేయి. దేశమంతటికీ ఒక కనిష్ఠ స్థాయి ఉండాలన్న వాదనకు అసలు బలం ఇక్కడినుంచే వస్తుంది.

ఇక చేతికి చేరే కూలి సంగతి. నిజామాబాద్, జగిత్యాల, సిరిసిల్ల ప్రాంతాల్లో ఇళ్లలో కూర్చుని బీడీలు చుట్టే ఆడవాళ్లకు కూలి వెయ్యి బీడీల లెక్కన కడతారు. ప్రభుత్వం ప్రకటించే కనీస వేతనమూ వెయ్యికి ఇంత అనే ఉంటుంది. టేకేదారు, అంటే కంపెనీకీ చుట్టేవాళ్లకూ మధ్య ఉండే కాంట్రాక్టరు, ఆకూ తంబాకూ తూచి ఇస్తాడు. ఇచ్చిన తునికాకులో చిరిగినదీ పుచ్చినదీ పోగా మిగిలినది వెయ్యికి చాలకపోతే, తక్కువ పడిన ఆకును చుట్టే మనిషే సొంత డబ్బుతో కొనుక్కోవాలి. తిరిగి అప్పగించేటప్పుడు బాగాలేవని పక్కన పెట్టిన బీడీలకు కూలి ఉండదు. పుస్తకంలో వెయ్యికి చట్టం చెప్పిన రేటే రాసి ఉంటుంది, అందులో అబద్ధమూ ఉండదు. కనీస వేతనాన్ని ఎగ్గొట్టడానికి రేటును తగ్గించనక్కర్లేదు, వెయ్యి అన్న మాటకు అర్థాన్ని సాగదీస్తే చాలు.

నగరాల్లో సెక్యూరిటీ గార్డుల విషయంలో ఇదే పని గంటల రూపంలో జరుగుతుంది. నెల జీతం రోజుకు 8 గంటల చొప్పున 26 రోజులకు, అంటే 208 గంటలకు లెక్కగట్టినది. గార్డు నిలబడేది 12 గంటల చొప్పున 30 రోజులు, అంటే 360 గంటలు. అదనపు గంటలకు రెట్టింపు కూలి ఇవ్వాలన్న నిబంధన సంగతి అలా ఉంచి, మామూలు లెక్కన చూసినా గంటకు అతనికి పడేది కనీస వేతనంలో సుమారు 58 శాతమే. జీతం పట్టీలో మాత్రం అంకె సరిగ్గానే ఉంటుంది.

దేశంలో ప్రతి ముగ్గురు వేతన జీవుల్లో ఒకరు కనీస వేతన చట్టం నీడకు అందకుండా పోతున్నారని 2018-19 ఆర్థిక సర్వే ఒప్పుకుంది. 429 ఉద్యోగ జాబితాలు, నైపుణ్యం లేని పనుల్లోనే 1,915 వర్గాలు ఉన్నాయని కూడా అదే సర్వే చెప్పింది. తన రేటు ఏ జాబితాలోని ఏ వర్గం కిందికి వస్తుందో కూలీకి తెలియకపోవడం అటుంచి, తనిఖీకి వచ్చిన అధికారికీ వెతుక్కుంటే గానీ దొరికేది కాదు. 1948 నాటి కనీస వేతనాల చట్టంలో తక్కువ కూలి ఇచ్చినవారికి ఆరు నెలల దాకా జైలు గానీ 500 రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ రాసి ఉండేది. 1948లో 500 చిన్న మొత్తం కాదు. కానీ దశాబ్దాలు గడిచినా కేంద్ర చట్టంలో దాన్ని మార్చకపోవడంతో, పట్టుబడితే కట్టాల్సింది పట్టుబడకపోతే మిగిలేదానిలో వందో వంతు కూడా కాకుండా పోయింది. కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించుకోవడం రాజ్యాంగంలోని 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుందని సుప్రీంకోర్టు 1982లో ఆసియా క్రీడల నిర్మాణ కార్మికుల కేసులో ప్రకటించింది. ఆ తీర్పు గంభీరతకూ ఈ 500 రూపాయలకూ పొంతన లేదు.

ఎంత కూలి ఇస్తే కనీసమనిపించుకుంటుందన్న లెక్క విషయంలో మనకు కొరతేమీ లేదు. 1957లో జరిగిన 15వ భారత కార్మిక సదస్సు ముగ్గురు వినియోగదారుల కుటుంబానికి మనిషికి 2,700 కేలరీల తిండి, ఏడాదికి 72 గజాల బట్ట, ఇంటి అద్దె, వీటికి తోడు ఇంధనం, దీపం వగైరాలకు 20 శాతం అని సూత్రం రాసింది. పిల్లల చదువు, వైద్యం, పండుగలు, ముసలితనం కోసం మరో 25 శాతం కలపాలని తర్వాత సుప్రీంకోర్టు రెప్టకాస్ బ్రెట్ కేసులో చెప్పింది. 2019లో కేంద్ర కార్మిక శాఖ వేసిన అనూప్ శతపథి కమిటీ కేలరీలను 2,400కు తగ్గించి, 50 గ్రాముల మాంసకృత్తులు, 30 గ్రాముల కొవ్వు చేర్చి, పిల్లలను పూర్తి మనిషికన్నా తక్కువగా లెక్కగట్టి కుటుంబాన్ని 3.6 వినియోగదారులుగా తీసుకుని, 2018 జులై ధరల్లో రోజుకు 375 రూపాయలు ఉండాలని సిఫారసు చేసింది. అదే ఏడాది కేంద్రం జాతీయ కనిష్ఠ వేతనాన్ని 176 నుంచి 178 రూపాయలు చేసింది. కమిటీ అన్నదానిలో సగం కూడా లేని ఈ అంకె వల్ల పనులు పోతాయా అన్న చర్చకే అర్థం లేదు. 178 రూపాయలకు మన జిల్లాల్లో ఏ అడ్డా మీదా మనిషి దొరకడు. 2025-26లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో ఉపాధి హామీ కూలే 307 రూపాయలు. మార్కెట్ రేటుకు ఎక్కడో దిగువన ఉన్న కనీస వేతనం ఎవరి ఉద్యోగాన్నీ తీసేయదు, ఎవరి జీతాన్నీ పెంచదు. అలాగే మార్కెట్ రేటుకు చాలా ఎగువన, అమలు చేసే యంత్రాంగం లేకుండా ప్రకటించిన అంకె కూడా ఉద్యోగాలను తీసేయదు, వాటిని మస్టరు పుస్తకం బయటికి నెడుతుంది. మన దగ్గర కనీస వేతనం పెంపు వల్ల ఉద్యోగాలు కుప్పకూలినట్టు కనిపించకపోవడానికి ఈ రెండూ కారణాలే. న్యూజెర్సీ ఫలితాన్ని మన నోటిఫికేషన్లకు నేరుగా అన్వయించడం అందుకే సరికాదు. అక్కడ అంకె మారిన రోజునే జీతం మారింది.

1948 చట్టం స్థానంలో 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన వేతనాల కోడ్ కొన్ని ముడులను విప్పింది, కొన్ని కొత్తగా వేసింది. ఉద్యోగ జాబితాలు పోయాయి, కనీస వేతనం వేతన జీవులందరికీ వర్తిస్తుంది. కేంద్రం నిర్ణయించే కనిష్ఠ స్థాయికి దిగువన ఏ రాష్ట్రమూ రేటు పెట్టకూడదు, ఇప్పటికే ఎక్కువ ఉంటే తగ్గించకూడదు. తక్కువ కూలి ఇస్తే జరిమానా 50,000 రూపాయల దాకా ఉంటుంది, ఐదేళ్లలోపు మళ్లీ అదే తప్పు చేస్తే మూడు నెలల దాకా జైలు గానీ లక్ష రూపాయల దాకా జరిమానా గానీ, రెండూ గానీ పడవచ్చు. బకాయి కోసం అర్జీ పెట్టుకునే గడువు మూడేళ్లకు పెరిగింది. మరోవైపు తనిఖీ అధికారికి సలహాదారు పాత్ర కూడా అప్పగించారు. తప్పు దొరికితే కేసు పెట్టే ముందు సరిదిద్దుకునే అవకాశం ఇవ్వాలన్నారు. ఇది చిన్న యజమానికి ఊరటే, కానీ దొరికేదాకా తక్కువ ఇచ్చి దొరికాక సరిచేసే కాంట్రాక్టరుకూ అంతే ఊరట.

కోడ్‌లో అంతగా ప్రచారం పొందని నిబంధన ఒకటుంది. కూలి తక్కువ ఇచ్చారని ఫిర్యాదు వస్తే, పూర్తిగా చెల్లించానని రుజువు చేసుకోవలసిన బాధ్యత యజమానిదే. ఇది గార్డుకు వెంటనే పనికొస్తుంది, ఎందుకంటే అతనికి ఏజెన్సీ గుర్తింపు కార్డు, బ్యాంకు ఖాతాలో పడిన జీతం ఉంటాయి. 360 గంటలు నిలబడ్డానని అతను చెబితే, 208 గంటలే నిలబడ్డాడని హాజరు పట్టీతో చూపించాల్సింది ఏజెన్సీ. బీడీలు చుట్టే మనిషికి మాత్రం ఈ నిబంధన పనికిరావాలంటే ముందు టేకేదారు పుస్తకంలో ఆమె పేరు ఉండాలి. అత్త పేరు మీద ఉన్న పుస్తకం మీద కోడలు బీడీలు అప్పగించే ఇళ్లలో, ఆమె ఎవరి దగ్గర పనిచేస్తోందన్నది తేలేదాకా ఎంత కూలి రావాలన్న ప్రశ్న అధికారి ముందుకు రాదు.